గాదంకి రాడారు - వర్ధకముల చరిత్ర

తిరుపతి నుండి చిత్తూరు పోవు త్రోవలో, కొండల నడుమ, గాదంకి అను చిన్న గ్రామము కలదు. ఆ యూరి ప్రక్కన 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చదునైన నేలపై 1,024 యాగీ ఆంటెనా జతలు, వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా నిలిచి యున్నవి. దూరము నుండి చూచువారికి అది లోహముతో వేసిన చెఱకుతోట వలె కనిపించును. ఇదియే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలవారి ఎమ్.ఎస్.టి. రాడారు. మీసోఆవరణము, స్ట్రాటోఆవరణము, ట్రోపోఆవరణము అను మూడు వాయుపొరల ఆంగ్ల నామముల మొదటి అక్షరములు కలిసి దానికి ఆ పేరు వచ్చినది. 53 మెగాహెర్ట్‌జుల పౌనఃపున్యము గల రేడియో తరంగములను అది మీదికి పంపును. గాలిలోని సుడుల నుండి తిరిగివచ్చు ప్రతిధ్వనులను పట్టి, ఏ యెత్తున గాలి ఏ దిక్కుగా, ఎంత వేగముతో వీచుచున్నదో చెప్పును.

ఈ రాడారు 1992లో క్రింది రెండు పొరలను, 1993లో మీసోఆవరణమును కూడ పరిశీలింప మొదలిడినది. దానిలో రెండు వైపుల రెండు విధములైన వర్ధకములు పనిచేయుచుండెను. పంపు వైపున ఉన్నవి సన్నని సంకేతమును పెంచి 25 లక్షల వాట్ల శిఖర శక్తిగా మార్చుచుండెను. అందుకొను వైపున ఉన్నవి ఆకాశము నుండి వచ్చిన మైక్రోవోల్టులను మూడు లక్షల రెట్లకు పైగా పెంచుచుండెను. మొదటి పనిని నాడు వాల్వులు చేసినవి. నేడు ఆ పనియు ట్రాన్సిస్టరుల చేతికే వచ్చినది. ఈ మార్పునకు పాతికేండ్లు ఎందుకు పట్టినదో తెలియవలెనన్నచో, వర్ధకము పెంచునది ఏమిటో, ఆ పెంపునకు ఎక్కడ హద్దు వచ్చునో ముందు చూడవలెను.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు మూడు ఎలక్ట్రోడులు గల వాల్వును నిర్మించెను. దానిని వర్ధకముగా వాడవచ్చునని రూఢియగుటకు ఇంకను ఆరేండ్లు పట్టినది. 1915 నాటికి న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ టెలిఫోను మాటను వాల్వులే మోసుకొనిపోయినవి. అటుపిమ్మట ముప్పదియేండ్లు వాల్వునకు పోటీ లేకపోయెను. 1947 డిసెంబరు 16వ తేదీన బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రటెయిన్ అనువారు జెర్మేనియము ముక్కపై రెండు బంగారపు అంచులను దగ్గర దగ్గరగా ఆనించి, ఘనపదార్థముతో సంకేతమును పెంచగలిగిరి. ఆనాడు బ్రటెయిన్ వ్రాసికొన్న కొలతలలో వోల్టేజి వృద్ధి 15 రెట్లు. శక్తి వృద్ధి 1.3 రెట్లు మాత్రమే.

ఈ రెండు సంఖ్యల నడుమనున్న తేడాను తరగతి గదిలో తప్పక చర్చింపవలెను. వోల్టేజిని పెంచుటకు ట్రాన్సిస్టరే కానక్కరలేదు, ట్రాన్స్‌ఫార్మరు చాలును. చుట్లు పదింతలైనచో వోల్టేజి పదింతలగును. కాని విద్యుత్ప్రవాహము పదవ వంతునకు పడిపోవును, శక్తి ఏమాత్రము పెరుగదు. కనుక ట్రాన్స్‌ఫార్మరును వర్ధకమని ఎవరును అనరు. బ్యాటరీ నుండి తీసికొన్న శక్తిని సంకేతపు అచ్చులో పోసి, వచ్చినదానికంటె ఎక్కువ శక్తిని బయటికి ఇచ్చినప్పుడే అది వర్ధకము. 15 అను సంఖ్య కంటికి ఘనముగా తోచినను, కొత్త యుగమునకు నాంది పలికినది 1.3 అను చిన్న సంఖ్యయే. వారము దినముల పిమ్మట, డిసెంబరు 23న, సంస్థ పెద్దల యెదుట ప్రదర్శించునాటికి శక్తి వృద్ధి 18 వరకు పెరిగినది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము నెలకొన్న సంవత్సరము 1954. ఆ యేడే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ సిలికాన్ ట్రాన్సిస్టరును విపణికి తెచ్చినది. ఆ యేడే ఎబర్స్, మోల్ అను ఇద్దరు ట్రాన్సిస్టరు నడతకు సమీకరణములు వ్రాసిరి. కాగితముపై లెక్కకట్టి వలయమును రూపొందించు విద్యకు అది పునాది.

ఆ లెక్కలో తేలిన సంగతి చాల సులభమైనది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద, కలెక్టరులో 1 మిల్లీఆంపియరు ప్రవహించునప్పుడు, బేసు వోల్టేజిని 1 మిల్లీవోల్టు మార్చినచో కలెక్టరు ప్రవాహము 40 మైక్రోఆంపియరులు మారును. కలెక్టరు త్రోవలో 5,000 ఓముల నిరోధము ఉన్నదనుకొందము. దానిపై వోల్టేజి 200 మిల్లీవోల్టులు మారును. అనగా వోల్టేజి వృద్ధి 200 రెట్లు. ఈ లెక్కలో ట్రాన్సిస్టరు పేరు గాని, ధర గాని, విద్యార్థులు ఎంతో ఆదరముతో చూచు ‘బీటా’ గాని రాలేదు. బీటా ఎక్కువైన ట్రాన్సిస్టరును కొన్నచో వోల్టేజి వృద్ధి అంతకంత పెరుగునని పలువురు అనుకొందురు. అది నిజము కాదు. బీటా పెరిగినచో బేసు లాగుకొను ప్రవాహము తగ్గును; ముందున్న దశపై బరువు తగ్గును; అంతియే.

అట్లయినచో 5,000 ఓములకు మారుగా 50,000 ఓములు పెట్టి వృద్ధిని 2,000 చేయరాదా? ఆ నిరోధమున 1 మిల్లీఆంపియరు ప్రవహింపవలెనన్నచో 50 వోల్టులు కావలెను. బల్లపై నున్న సరఫరా 12 వోల్టులు. ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచికొని స్తంభించును, వృద్ధి పెరుగుటకు బదులు నశించును. ప్రవాహమును పదవ వంతునకు తగ్గించినను లాభము లేదు. అప్పుడు 40 మైక్రోఆంపియరుల మార్పు 4కు దిగిపోవును. అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూడగా తేలు సూత్రమిది: నిరోధముపై పడు ప్రతి వోల్టునకు 40 రెట్ల వృద్ధి లభించును. 5 వోల్టులు పడినచో 200. నిరోధము ఉన్నంత కాలము ఇంతకు మించి దక్కదు. దీనిని దాటుటకు నిరోధము స్థానమున మరియొక ట్రాన్సిస్టరునే ఉంచి, స్థిర ప్రవాహమును ఇచ్చునట్లు చేయుదురు. అప్పుడు కొన్ని వేల రెట్ల వృద్ధియు ఒక్క దశలోనే సాధ్యము. నేటి సమగ్ర వలయములలో జరుగుచున్నది ఇదియే.

ఇక గాదంకి వైపు తిరుగుదము. పైన చెప్పిన 200 రెట్ల దశను ఉన్నదున్నట్లుగా తీసికొనిపోయి రాడారులో పెట్టినచో ఏమగును? కలెక్టరునకు, బేసునకు నడుమ స్వాభావికముగానే కొంత కెపాసిటెన్సు ఉండును. 2 పికోఫారడులు అనుకొందము. కలెక్టరు వోల్టేజి బేసుకంటె 200 రెట్లు ఊగుచున్నందున, బేసు వైపు నుండి చూచినప్పుడు ఆ 2 పికోఫారడులు 400 పికోఫారడులుగా కనిపించును. వాల్వుల కాలమునందే, 1920 ప్రాంతమున, మిల్లర్ అను ఇంజనీరు ఈ చిక్కును విశదపరచెను. సంకేతము 1,000 ఓముల నిరోధము గుండ వచ్చుచున్నచో, 400 కిలోహెర్ట్‌జులు దాటగానే వృద్ధి తరుగుట మొదలగును. 53 మెగాహెర్ట్‌జుల వద్ద మిగులునది రమారమి ఒకటిన్నర రెట్లు! వృద్ధిని పెంచిన కొలది మిల్లర్ కెపాసిటెన్సు కూడ పెరుగుచుండును గనుక, ఇది అప్పు తీర్చుటకు మరల అప్పు చేయుట వంటిది.

ఇట్టి సంగతులు పూర్వము వలయమును టంకము పెట్టి కట్టిన తరువాతనే తెలియుచుండెను. 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున లారెన్స్ నేగెల్, ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ ‘స్పైస్’ అను కంప్యూటరు ప్రోగ్రామును వెలువరించిరి. దానికి మాతృక అదే చోట విద్యార్థుల తరగతిలో పుట్టిన ప్రోగ్రాము. దానికి ‘క్యాన్సర్’ అను అపశకునపు పేరు పెట్టియుండిరి. వలయములోని ప్రతి సంధి వద్ద ప్రవాహముల మొత్తము శూన్యము కావలెనను కిర్కాఫ్ నియమమును, ట్రాన్సిస్టరు సమీకరణములను కలిపి, ఈ ప్రోగ్రాము మరల మరల ఊహించి, సరిదిద్దుకొనుచు జవాబునకు చేరును. మన పాఠశాల విద్యార్థి వర్గమూలమును దఫదఫాలుగా దగ్గరకు తెచ్చుకొను పద్ధతికి ఇది పెద్దన్న. నేడు ఇట్టి ప్రోగ్రాములు ఉచితముగా దొరకుచున్నవి. పై 200 రెట్ల దశను అందులో వ్రాసి, పౌనఃపున్యమును 1 కిలోహెర్ట్‌జు నుండి 100 మెగాహెర్ట్‌జుల వరకు నడిపి చూచినచో, రేఖ ఎచ్చట ఒరుగునో కంటికి కట్టును. అయితే మనము చెప్పినదానినే అది లెక్కించును. అచ్చు పలకపై రెండు రాగి చారలు దగ్గరగా ఉన్నవని మనము చెప్పకున్నచో, వాని నడుమ కెపాసిటెన్సు దానికి తెలియదు.

కాబట్టి రాడారు గ్రాహకములో వృద్ధిని ఒక్క దశ నుండి పిండుకొనరు. అనునాద వలయములతో కూడిన పలు దశలలో పంచుదురు. నడుమ 53 మెగాహెర్ట్‌జుల సంకేతమును తక్కువ పౌనఃపున్యమునకు దించి, అక్కడ మరికొంత పెంచుదురు. దీనికి వేరొక కారణము కూడ కలదు. తిరునాళ్ళలో మైకును స్పీకరు ఎదుట పెట్టినచో అది కూతపెట్టుట అందరును ఎరిగినదే. మూడు లక్షల రెట్లు పెంచు వర్ధకములో, బయటికి వచ్చిన సంకేతమున మూడు లక్షలవ వంతు అనుకూల దశలో లోనికి జారినను ఇట్టి కూతయే పుట్టును. పౌనఃపున్యమును మార్చినచో ఆ జారిన భాగము మొదటి దశలను కదలింపజాలదు.

గాదంకి మొదటి గ్రాహకపు మొత్తము వృద్ధి 110 డెసిబెళ్ళు, పట్టీ వెడల్పు 1.7 మెగాహెర్ట్‌జులు. 110 డెసిబెళ్ళనగా వోల్టేజిలో 3,16,000 రెట్లు. ఇంకను ఎక్కువగా ఎందుకు పెట్టలేదని విద్యార్థి అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము ఆకాశమునందు ఉన్నది. పాలపుంత నుండి రేడియో రొద నిరంతరము కురియుచుండును. 53 మెగాహెర్ట్‌జుల వద్ద ఆ రొద కొన్ని వేల కెల్విన్ ఉష్ణోగ్రత గల నిరోధము చేయు రొదతో సమానము. ఆకాశ భాగమును బట్టి ఇది మారును. లెక్కకు 6,000 కెల్విన్ అని తీసికొందము. 1.7 మెగాహెర్ట్‌జుల వెడల్పులో, 50 ఓముల తీగపై, ఇది సుమారు 2.6 మైక్రోవోల్టులగును. దీనిని 3,16,000తో హెచ్చించినచో 0.8 వోల్టు వచ్చును. అనగా 110 డెసిబెళ్ళకే పాలపుంత రొద వోల్టు దరిదాపులకు చేరి, కొలుచు పరికరమునకు చక్కగా అందుచున్నది. అంతకు పైన పెంచు ప్రతి రెట్టును రొదనే పెంచును. మీసోఆవరణము నుండి వచ్చు ప్రతిధ్వని ఆ రొదకు అడుగున ఉండును. దానిని పైకి లాగుట ఏ ట్రాన్సిస్టరునకును సాధ్యము కాదు. ఒకదాని వెంట ఒకటిగా పంపిన స్పందముల ప్రతిధ్వనులను కలిపినచో, ఒకే తీరున వచ్చు సంకేతపు వోల్టేజి స్పందముల సంఖ్యకొలది పెరుగును. తలతిక్కగా వచ్చు రొద ఆ సంఖ్య వర్గమూలము కొలది మాత్రమే పెరుగును. 64 స్పందములను కలిపినచో సంకేతము 64 రెట్లు, రొద 8 రెట్లు. ఆ తరువాతి పని గణితమునదే.

పంపు వైపు కథ వేరు. అక్కడ కావలసినది వోల్టేజి కాదు, శక్తి. నిర్మలమైన గాలిలోని సుడుల నుండి రేడియో ప్రతిధ్వనులు పొందవచ్చునని పెరూ దేశపు హికమార్కా రాడారుతో వుడ్‌మన్, గియెన్ అనువారు 1974లో చూపిరి. ఆ దారిలో జపానువారు 1984 నాటికి షిగరాకిలో ఎమ్.యు. రాడారును నిర్మించిరి. అందులో 475 ఆంటెనాలు. ప్రతి ఆంటెనాకు ఒక ట్రాన్సిస్టరు వర్ధకము. మొత్తము శిఖర శక్తి 10 లక్షల వాట్లు. మన దేశములో ముంబయి ‘సమీర్’ సంస్థ ఇంజనీరులు గాదంకి కొరకు వేరు మార్గమును ఎన్నుకొనిరి. 1,024 ఆంటెనాలను 32 గుంపులుగా చేసి, గుంపునకు ఒక ప్రేషకము చొప్పున 32 ప్రేషకములు పెట్టిరి. మధ్య వరుసలకు 120 కిలోవాట్లు, అంచు వరుసలకు 15 కిలోవాట్లు. ప్రక్కలకు చెదరు శక్తిని తగ్గించుటకు ఈ హెచ్చుతగ్గులు. ఈ ప్రేషకములలో అధిక శక్తి దశలకు ట్రయోడు వాల్వులను వాడిరి.

జపానువారు ట్రాన్సిస్టరులు వాడగా మనవారు వాల్వులతో కట్టుట వెనుకబాటని అనుట న్యాయము కాదు. 120 కిలోవాట్లను 50 ఓముల తీగలోనికి పంపవలెనన్నచో వోల్టేజి దాదాపు 2,450 వోల్టులు. వేల వోల్టులను వాల్వు అలవోకగా భరించును. 50 వోల్టులపై పనిచేయు ట్రాన్సిస్టరుతో 1 కిలోవాటు తీయవలెనన్నను, అది చూడవలసిన నిరోధము ఓమున్నర కంటె తక్కువ. దానిని 50 ఓములకు సరిపుచ్చుటకు 40 రెట్ల నిరోధ మార్పిడి కావలెను. అంత చిన్న నిరోధమున్నచోట తీగముక్క పొడవు ఒక సెంటీమీటరు పెరిగినను లెక్క తప్పును. ఆ పనిని 1,024 చోట్ల ఒకే తీరున చేయవలెను. 1980 దశకములో మనకు దొరకు సరకుతో, మన డబ్బుతో, 32 పెద్ద ప్రేషకములే సరియైన నిర్ణయము. వానితోనే పదునెనిమిది ఇరువదియేండ్ల ఉష్ణమండల గాలుల కొలతలు సమకూడినవి.

అయితే వాల్వు అరుగును. తంతువు కాలి కాలి ఎలక్ట్రానులు విడుచు శక్తి క్షీణించును. ప్రపంచమంతటను ట్రాన్సిస్టరులవైపు మొగ్గిన కొలది క్రొత్త వాల్వు దొరకుట కష్టమగును. ఒక ప్రేషకము ఆగినచో 32 ఆంటెనాల గుంపు మొత్తము మూగవోవును. పైగా కిరణమును తూర్పు పడమరలుగ, ఉత్తర దక్షిణములుగ మాత్రమే వంచవచ్చును. మూలలకు త్రిప్పుట కుదరదు.

2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అను పేరు పొందిన పిమ్మట, గాదంకిలోని ఇంజనీరులు మొదట 133 ఆంటెనాల చిన్న రాడారును కట్టి చూచిరి. ప్రతి ఆంటెనాకు 1 కిలోవాటు ట్రాన్సిస్టరు మాడ్యూలు. ఇది అనుభవము కొరకు వేసిన నారుమడి. అది పండిన తరువాత అసలు 1,024 ఆంటెనాలకును ఒక్కొక్క మాడ్యూలు చొప్పున అమర్చిరి. ఈ క్రొత్త రూపపు వివరములు 2020లో ప్రకటింపబడినవి. మొత్తము శిఖర శక్తి 25 లక్షల వాట్ల నుండి సుమారు 10 లక్షలకు తగ్గినది. అయినను ప్రేషకశాల నుండి ఆంటెనా వరకు పెద్ద శక్తిని మోయు పొడవాటి తీగలలో కరిగిపోవు భాగము ఇప్పుడు మిగులును. ట్రాన్సిస్టరు ఎత్తైన స్పందమును ఓర్వదు గాని, పొడవాటి స్పందమును ఓర్చును. సంకేతమును పొడవుగా పంపి, రాకలో గణితముతో కుదించుకొనవచ్చును. పది మాడ్యూళ్ళు చెడినను శక్తిలో తరుగు నూటికి ఒక్క వంతే. ఆంటెనాకొక దశామార్పిడి ఉండుటచేత కిరణము ఇప్పుడు ఏ మూలకైనను వంగును.

దీనికి మూల్యమును లేకపోలేదు. 1,024 వర్ధకముల వృద్ధియు, దశయు ఒకదానితో ఒకటి సరిపోవలెను. ఒక్కొక్కటి తన ఇష్టము వచ్చినట్లు పాడినచో కిరణము చెదరును. ఎండకాలపు మధ్యాహ్నమున చిత్తూరు సీమ వేడికి ట్రాన్సిస్టరు వృద్ధి మారును, దశ జరుగును. కనుక మాడ్యూళ్ళను ఎప్పటికప్పుడు కొలిచి, తేడాలను సరిదిద్దు ఏర్పాటు రాడారులో భాగమైనది. ఒక్క వలయము నుండి గొప్ప వృద్ధి రాబట్టుటకంటె, వేయింటిని సమానముగా నడుపుట కష్టమైన విద్య.

గాదంకిలోనే ప్రయోగశాలవారు రూపొందించిన వేరొక చిన్న రాడారు కలదు. అది 1,280 మెగాహెర్ట్‌జులపై పనిచేయుచు, నేలకు దగ్గరనున్న గాలులను కొలుచును. ఆ పౌనఃపున్యమున పాలపుంత దాదాపు మౌనముగా ఉండును. చల్లని ఆకాశపు రొద కొన్ని కెల్విన్లే. 53 మెగాహెర్ట్‌జుల వద్ద ఆకాశపు రొదలో మునిగిపోయి ఎవరికిని వినబడని ట్రాన్సిస్టరు సొంత రొద ఇక్కడ బయటపడును. 1944లో ఫ్రీస్ చూపిన లెక్క ప్రకారము, వరుసగా ఉన్న దశలలో మొదటిదాని రొదయే మొత్తమును శాసించును, తరువాతి దశల రొద దాని వృద్ధిచేత భాగింపబడి అణగిపోవును. మొదటి వర్ధకమునకు ముందు 3 డెసిబెళ్ళ నష్టము గల తీగ ఉన్నచో సగము సంకేతము అందులోనే పోవును. తీగ తన వేడిమి రొదను కూడ చేర్చును. అందుచేత ఆ రాడారులో వర్ధకపు మాడ్యూళ్ళను ఆంటెనా పలకల క్రిందనే, నడుమ తీగ లేకుండ, నేరుగా తగిలించిరి.